కింద చూడండి

నేను ఒక రిమోట్‌ని. టీవీ పక్కన పెట్టే ఒక చిన్న పెట్టెకు తోడుగా పుట్టాను. తెర అడుగున పరుగులు తీసే అక్షరాలను ఆ పెట్టె పట్టి ఆపుతుంది, నల్లటి తెర మీద పసుపు రంగులో గుమ్మడికాయలంత చేసి చూపిస్తుంది. పట్టమని చెప్పాల్సింది మాత్రం నేను. టీవీ నడిపే బటన్లూ నా మీదే ఉన్నాయి. చూపు పూర్తిగా పోనివాళ్లు, అలాగని సరిగా ఆననివాళ్లు ఉంటారే, వాళ్ల కోసం హైదరాబాద్‌లో కొందరు ఇంజనీర్లు మమ్మల్ని తయారుచేశారు. మహా తెలివైనవాళ్లు లెండి. మొదటిసారి అక్షరాలను ఎంత పెంచారంటే, కింది ఒత్తులన్నీ తెర దాటి పోయాయి. వాళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉందనుకున్నారు. చూసి చెప్పడానికి వచ్చిన చూపు తక్కువున్నావిడ "నాయనా, తలలు చూపించి కాళ్లు నరికేశారు" అంటే గానీ తెలియలేదు. అక్షరాలను పట్టమని చెప్పే నా పసుపు బటన్ మీద వేలికి తగిలేలా బుడిపె పెట్టించింది కూడా ఆవిడే.

అలా తయారై ఏలూరులో దీవెన చేతికి వచ్చాను. ఆమెకు చిన్నప్పటి నుంచి చూపు మధ్యలో మసక. మనిషి ముఖం కనబడదు, చెవి పోగులు కనబడతాయి. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాస్తోంది. వయసు దాటిపోతోంది, ఈసారి తప్పితే మరి లేదు.

తండ్రి ఏసుపాదం బంగారం లాంటి మనిషే. కాకపోతే కొత్త వస్తువు కనబడితే కవరు తొడక్కుండా ఉండలేడు. సోఫాకు కవరు, ఫ్యానుకు కవరు. నన్నూ పాలిథిన్ సంచిలో దూర్చి రబ్బరు బ్యాండు బిగించాడు. "సెమట తగిల్తే పాడైపోద్దమ్మా" అన్నాడు. నా బుడిపె ఊపిరాడక చచ్చింది.

పరీక్ష రోజు పొద్దున్నుంచి ఒకటే వాన. ఫోను మూగబోయింది. ఏసుపాదం ఆటో కోసం వెళ్లాడు. దీవెన ఒక్కతే వార్తలు పెట్టుకుని కూర్చుంది. "నీళ్లు చేరిన చోట్ల పరీక్ష కేంద్రాలు మార్చారు. వివరాలకు కింద చూడండి" అంది వార్తలు చదివే అమ్మాయి, వెంటనే ఇంకో వార్తలోకి వెళ్లిపోయింది. కింద చూడాలట. ఆ వివరాలేవో చదివి చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?

దీవెన నన్ను అందుకుంది. బొటనవేలు కవరు మీద జారింది. ఏదో నొక్కితే నగల ప్రకటన వచ్చింది. మళ్లీ నొక్కితే మోత పెరిగింది. "ఎక్కడున్నావే" అని గొణిగింది, నాతోనే. ఇక్కడే ఉన్నానమ్మా, నీ వేలి కిందే, అని అరవాలనిపించింది. ఆమె వేలు తప్పు బటన్ల మీదే తిరుగుతుంటే నాకూ భయం వేసింది. చివరికి కవరును పళ్లతో పట్టి చింపింది. వార్తలు మళ్లీ పెట్టి, బుడిపె తడిమి నొక్కింది.

అక్షరాలు ఆగాయి, పెద్దవయ్యాయి. భీమవరం. కాదు. తణుకు. కాదు. ఏలూరు వచ్చేసరికి దీవెన తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి, తల పక్కకు వాల్చి, చూపు అంచుతో ఒక్కో ముక్కా పట్టుకుంది. కాలవ గట్టు హైస్కూలు సెంటర్‌గా పడినవాళ్లు స్టేషన్ వెనకున్న బాలికల హైస్కూలుకు వెళ్లాలి. ఆమెకు పడింది కాలవ గట్టు హైస్కూలే. ఇంకోసారి చదువుకుంది. అంతలో కరెంటు పోయింది.

"పదమ్మా, ఆటో వచ్చింది" అంటూ ఏసుపాదం తడుస్తూ వచ్చాడు.

"నాన్నా, సెంటర్ మారింది. స్టేషన్ వెనక స్కూలంట."

"నిన్న నేనెళ్లి గేటు దాకా సూసొచ్చాను కదమ్మా. ఎవరు సెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. టీవీలో నేనే చదివాను."

ఏసుపాదం టీవీ వైపు చూశాడు. అది నల్లగా ఉంది. బస్సు బోర్డు నుంచి పెళ్లి శుభలేఖ దాకా కూతురికి ఇన్నాళ్లూ ఆయనే చదివి పెట్టాడు. "సరిగ్గా కనబడిందా తల్లీ?" అని అడిగాడు. ప్రేమగానే అడిగాడు. ఆ ప్రేమకే దీవెన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే ఒళ్లు మండింది.

ఆ కంగారులో నన్ను కింద పెట్టడం మరిచిపోయి అలాగే ఆటో ఎక్కింది. వంతెన దగ్గర దారి చీలుతుంది. ఎడమకు వెళ్తే కాలవ గట్టు, కుడికి వెళ్తే స్టేషన్. రెండు చోట్లా తిరిగి చూసే వ్యవధి లేదు. గేటు ఒకసారి మూశారంటే ఎవరు ఏడ్చినా తెరవరు.

"ఎటు పోనియ్యమంటారండి?" అన్నాడు ఆటో అతను.

ఏసుపాదం ఎడమకోసారి, కుడికోసారి చూశాడు. దీవెన మళ్లీ చెప్పలేదు. ఒకసారి చెప్పాను, చాలన్నట్టు కూర్చుంది. నన్ను మాత్రం విరిగిపోయేలా బిగించి పట్టుకుంది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు.

"మా అమ్మాయి స్టేషననే సదివింది" అన్నాడు ఏసుపాదం చివరికి. "అటే పోనీ."

బాలికల హైస్కూలు ముందు గొడుగుల గుంపు కనబడ్డాక గానీ ఆయన సరిగా ఊపిరి తీసుకోలేదు. గేటు దగ్గర పోలీసు నన్ను చూసి "ఫోన్లు కుదరవమ్మా" అన్నాడు. దీవెన నన్ను తండ్రి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

గేటు మూసే వేళకు కాలవ గట్టు వైపు నుంచి కొందరు తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో కొందరే లోపలికి వెళ్లగలిగారు. "మీకు ముందే ఎలా తెలిసిందండీ?" అని ఒకాయన ఏసుపాదాన్ని అడిగాడు.

"మా అమ్మాయి టీవీలో సదివిందండి."

కాసేపటికి ఇంకొకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన ఏమీ అడగలేదు. ఆయనకీ అదే చెప్పాడు ఏసుపాదం.