ఖాళీ దొరికితేనే

మా ఆఫీసు కరీంనగర్‌లో ఉంది. చిన్న ఊళ్ళ ఆస్పత్రులు తలకు తీసిన స్కాన్లు పంపుతాయి, మా సర్వర్ వాటిని చదివి రిపోర్టు ఇస్తుంది. ఆ సర్వర్‌ను ఎలా నడపాలో రాసిపెట్టడం నా పని. నేను రాసింది ఎవరూ చదవరు. జీతం మాత్రం ఇస్తారు.

మొన్న ఒక సెట్టింగు గురించి రాశాను. కొన్ని పనులను ఒక గుంపుగా చేసి దానికి ఈ సెట్టింగు పెడితే, వేరే పనేదీ లేనప్పుడే ప్రాసెసర్ వాటి ముఖం చూస్తుంది. అర్థం కావాలని ఒక ఉదాహరణ ఇచ్చాను: మనింట్లో దావత్ అయితే చుట్టాలందరూ తిన్నాకే ఇంటివాళ్ళు కూర్చున్నట్టు.

మా మేనేజర్ శ్యాంసుందర్ సార్ జన్మలో మొదటిసారి నా రాత చదివాడు. చదివి, మెచ్చుకుని, ఉద్యోగుల ఇళ్ళవాళ్ళకు ఉచితంగా చూసే స్కాన్లన్నీ ఆ గుంపులో వేశాడు. నాకు చెప్పలేదు.

మా అమ్మానాన్నలు చెన్నూరులో ఉంటారు. శనివారం పొద్దున బాపు పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. కుడిచెయ్యి లేవడం లేదని అవ్వ ఫోన్లో ఏడ్చింది. అక్కడి ఆస్పత్రిలో స్కాన్ తీసి, నా పేరు చెప్పి మా ఆఫీసుకు పంపారు. మెదడులో రక్తం గడ్డకట్టిందో, నరం చిట్లిందో తెలియకుండా గడ్డను కరిగించే సూది వెయ్యలేనన్నాడు డాక్టర్. గడ్డయితే ఆ సూది కాపాడుతుంది, చిట్లితే చంపుతుంది. అదీ మొదటి కొన్ని గంటల్లోనే వెయ్యాలి.

"మంచిర్యాల పెద్దదవాఖానకు తీస్కపోదుమా బిడ్డా?"

"వద్దవ్వా. జరసేపట్ల రిపోర్ట్ వస్తది. మా ఆఫీసే గదా."

రాలేదు. ఆఫీసుకు పరుగెత్తి సర్వర్ చూశాను. డబ్బులిచ్చే ఆస్పత్రుల స్కాన్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. బాపుది అడుగున కదలకుండా ఉంది. ఆ గుంపుకు సార్ పెట్టిన పేరు 'మనోళ్ళు'. దాన్ని మార్చే పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంది. ఆయన మెట్‌పల్లిలో మేనకోడలి పెళ్ళిలో ఉన్నాడు, ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. ప్రభువా అన్నాను, తర్వాత ప్రార్థన గుర్తుకు రాలేదు. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక ఎత్తాడు. "అయ్యో మహిమా, మనోళ్ళే గదా, జర ఆగుతరనుకున్న" అంటూనే మార్చాడు. వెంటనే రిపోర్టు వచ్చింది. రక్తం గడ్డే.

"ఇగ సూది ఏసినా ఫాయిదా లేదంటుండు డాక్టరు" అంది అవ్వ. "మాట గూడ పడిపోయింది. నువ్వన్న మాట్లాడు." ఫోన్ బాపు చెవి దగ్గర పెట్టింది.

"బాపూ, నేను మహిమను."

ఊపిరి వినిపించింది. తర్వాత గొంతులోంచి ఏదో శబ్దం, మళ్ళీ అదే శబ్దం. నాకు ఆ పేరు పెట్టింది ఆయనే. ఎంత కష్టపడ్డా అది ఆయన నోట రాలేదు.