జబ్బు లేని ఊరు

పార్కులో గడ్డి కోసే మా తమ్ముడు జ్వరంతో పోయాడు. చంకలో పిడుదు పురుగు కుట్టిన చోట నల్లగా మాడిన మచ్చ. డాక్టరుకు నేనే చూపించాను. కాగితం మీద మాత్రం "కారణం తెలియని జ్వరం" అని రాశారు.

ఆ వెంటనే, అతనితో కలిసి గడ్డి కోసిన మరదలికీ జ్వరం తగిలింది. మెడ వెనక అదే మచ్చ. డాక్టరు ఈసారి రక్తం తీసి, "ఏ జబ్బో తేలితే గాని అసలు మందు ఇవ్వలేనమ్మా. ల్యాబుకి ఆరోగ్య శాఖ వాళ్ళే పంపాలి," అన్నాడు.

ఆ ఆఫీసుకు వెళ్ళి, పిడుదు జ్వరమేమో తేల్చడానికి మరదలి రక్తం ల్యాబుకి పంపమని అడిగాను.

"మన ఊళ్ళో ఆ జబ్బు లేదు టీచరుగారూ," అన్నాడు గుమాస్తా.

"లేదని ఎలా తెలుసు?"

"ఒక్క కేసూ నమోదు కాలేదు కదండీ."

"ఎందుకు కాలేదు?"

"ల్యాబు తేల్చాలి. జబ్బున్న ఊళ్ళ రక్తమే ల్యాబు తీసుకుంటుంది."

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. ఇన్నేళ్ళుగా పిల్లలకు చెబుతున్న సామెతే. దాని మీద ఒక ఆఫీసు నడుస్తుందని అనుకోలేదు.

"పిడుదులు కుక్కలకి కదండీ పట్టేది!" పక్క సీటావిడ నవ్వింది.

"మా తమ్ముడికి ఆ సంగతి తెలియదమ్మా," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. గుమాస్తా గొంతు తగ్గించాడు. "పక్క ఊళ్ళో కేసులున్నాయి. మీ మరదలు అక్కడుంటోందని రాస్తే పని అయిపోతుంది. అందరికీ అలాగే రాస్తున్నామండీ."

అందరికీ! మా ఊరి జ్వరాలన్నీ పక్క ఊరి లెక్కలో ఉన్నాయన్నమాట. ఒళ్ళు మండింది. కానీ ఇంట్లో మరదలు మూలుగుతోంది.

"రాయండి," అన్నాను.

జబ్బు అదేనని తేలింది. అసలు మందు పడ్డాక మరదలు లేచి తిరిగింది. పిడుదుల మందు చల్లే బండి మాత్రం పక్క ఊరికి వెళ్ళింది. మా పార్కులో ఆడవాళ్ళు ఇంకా వట్టి కాళ్ళతోనే గడ్డి కోస్తున్నారు.

మరదలిని వెంటబెట్టుకుని మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. "ఆ చిరునామా అబద్ధం. దిద్దండి."

"నా ఉద్యోగం పోతుందండీ. అయినా మీరూ ఒప్పుకున్నారు కదా?"

"ఒప్పుకున్నాను. అదీ రాయండి."

ఆయన కలం ముట్టలేదు. మరదలు బల్ల మీద చేయి ఆన్చి నిలబడింది.

"మా ఇల్లు పార్కు వెనక సందులోనండీ. మా ఆయన్ని పురుగు కుట్టిందీ ఆ పార్కులోనే. మీరు రాయకపోతే పోనీండి. పదండి వదినా, పెద్దాఫీసరు గది ఎటో?"

మేమే వెతుక్కుంటూ వెళ్ళి తలుపు తట్టాం.