అన్నయ్య వదిలిన ఆకుపచ్చ స్కూటర్

స్కూటర్ నేర్చుకుంటానని నేను చెప్పిన రోజు మా వదిన నాకు జవాబు చెప్పలేదు. అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూనే ఉంది. ఆవిడ మౌనం నాకు కొత్త కాదు. మూడేళ్ళు కావస్తోంది, మా ఇంట్లో రాట్నం చేసిన చప్పుడులో పదో వంతు కూడా ఆవిడ నోటి నుంచి రాలేదు.

మా అన్నయ్య అంకమ్మరావు కూడా అదే అరుగు మీద నిలబడి అదే మాట చెప్పాడు. అప్పుడు మాత్రం వదిన ఊరుకోలేదు.

అది 1946. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న సామాన్లతో పాటు ఒక బుల్లి ఆకుపచ్చ స్కూటర్ బెజవాడ చేరింది. గవర్నర్‌పేటలో మెకానిక్ అబ్రహాము షాపు ముందు అది అన్నయ్య కంట పడింది. పటమటలో మా మగ్గాల వీధి నుంచి చీరల మూట నెత్తిన పెట్టుకుని, ఉయ్యూరు దాకా బస్సులో నిలబడి వెళ్ళి, పంచదార ఫ్యాక్టరీ వాళ్ళ ఇళ్ళ ముందు మూట విప్పడం అప్పటికి అన్నయ్యకు విసుగెత్తిపోయింది. మగ్గం నాకు అప్పగించి, తను బండి మీద తిరిగి బట్టలమ్ముతానన్నాడు.

"తాతలనాటి మగ్గం దిగి ఆ దెయ్యపు బండెక్కుతారా?" అంది వదిన. "ఎక్కితే అటే పొండి. మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

కోపంలో ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే అది. అన్నయ్య చద్దన్నం తినకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి శవమై వచ్చాడు.

ఆ రోజు నేను దగ్గరే ఉన్నాను. శ్రావణమాసం, బందరు కాలవ నిండుగా పారుతోంది. యనమలకుదురు లాకులకి కొంచెం ఇవతల, గట్టు మీద అన్నయ్య బండి నేర్చుకుంటున్నాడు. ఇంట్లో చెప్పకముందే మొదలుపెట్టాడు, అది నాలుగో రోజు. నేను వెనకాల పరుగెడుతున్నాను. గట్టు వంపు తిరిగిన చోట బండి నీళ్ళ వైపు వాలింది. "అన్నయ్యా, బ్రేకు తొక్కు!" అని అరిచాను. మూడుసార్లు అరిచాను. బండి ఆగలేదు సరికదా, పెద్దగా రొదపెట్టి అమాంతం కాలవలోకి దూకింది.

లాకుల దగ్గర పనిచేసే శౌరయ్య అంతా చూశాడు. "మూడుసార్లు మోత పెంచాడయ్యా. ఆపాలనుకున్నోడు అట్టా పెంచుతాడా?" అన్నాడు. పాపం, అతను చూసిందే చెప్పాడు. ఆ మాట మా వీధికి చేరేసరికి, పెళ్ళాం అన్న మాటకు పౌరుషం వచ్చి కాలవలో దూకాడని అయిపోయింది. దినవారాలకు వచ్చిన ఆడవాళ్ళు మా వదిన ఎదుటే గుసగుసలాడుకున్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ ఏం చెప్పగలను? నేనూ ఆ రొద విన్నాను.

మా వదిన బాలత్రిపురసుందరికి కావలసింది ఒక్క జవాబు. మొదటి ఏడాది ఎన్నిసార్లు అడిగిందో. "చౌడయ్యా, నువ్వున్నావుగా అక్కడ. ఆయన కావాలని పోయాడా, పొరపాటున పోయాడా?" తెలియదు వదినా అనేవాణ్ణి. తరవాత ఆవిడ అడగడం మానేసింది. నాకు మాత్రం అన్నయ్య మీద కోపం పెరుగుతూ వచ్చింది. గొంతు చించుకుని అరిచాను కదా, తమ్ముడి మాట చెవిన పెడితే ఏం పోయేది? చచ్చిపోయినవాడితో పోట్లాడడానికి వీల్లేదు కాబట్టి మగ్గంతో పోట్లాడేవాణ్ణి. నేత గట్టిగా వస్తోందని కొన్నవాళ్ళు మెచ్చుకున్నారు.

1949 వేసవిలో అన్నయ్యతో ఆగిపోయిన ఉయ్యూరు బేరం నా నెత్తికి వచ్చింది, మూటతో సహా. అబ్రహాము షాపుకి వెళ్ళాను. అక్కడ రెండు స్కూటర్లున్నాయి. ఒకటి ఇటలీ నుంచి ఓడలో వచ్చిన కొత్తది. రెండోది గోడ వారన పాత గోనెపట్టా కప్పుకుని ఉంది. అది ఏమిటో పట్టా తీయక ముందే నాకు తెలిసింది. కాలవలోంచి తీశాక దానికి ఇంటి మొహం చూపించొద్దని మేమే దాన్ని అక్కడ వదిలేశాం.

అబ్రహాము మిలిటరీలో మూడేళ్ళు బండ్లు బాగుచేసి వచ్చినవాడు. నెమ్మదస్తుడు. నాకు రెండూ చూపించాడు.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు కాళ్ళు నేలకి ఆనతాయో లేదో చూసుకోవాలండి. ఈ పచ్చది తేలిక, గేర్ల గొడవ లేదు. కాకపోతే చక్రాలు చిన్నవి, బురదలో జారుద్ది. ఆ కొత్తదాంట్లో గేర్లు ఎడమ చేతిలో ఉంటాయి. నేర్చుకోడానికి ఇంకో పది రోజులు పడుద్ది, కానీ ముందు రేకు అడ్డం ఉంది కాబట్టి మీ పంచె పాడవదు. రెండిట్లోనూ కుడిచేతి పిడి మీ వైపుకి తిప్పితే వేగం, కుడికాలితో తొక్కితే బ్రేకు. అంతే సంగతులు."

పచ్చబండి కుడి పిడి మీద ఎర్ర నూలు చుట్టి ఉంది. చెమటకు చెయ్యి జారకుండా అన్నయ్య మగ్గం మీద పడుగులో మిగిలిన నూలుతో చుట్టుకున్నది. నూనె పట్టి నల్లబడింది, కానీ అన్నయ్య వేసిన ముడి అలాగే ఉంది. అన్నయ్య ముడి నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను.

"బండంతా బాగుచేశానండి. అది విప్పడానికి మాత్రం నాకు చేతులు రాలేదు," అన్నాడు అబ్రహాము.

ముందు పచ్చదాన్నే నడిపి చూస్తానన్నాను. ఎక్కడ అంటే అదే గట్టు మీద అన్నాను. బస్సులు తిరగని చోటు అదొక్కటే అని అబ్రహాముతో చెప్పాను. ఉన్నమాట ఏమిటంటే, అన్నయ్యను నిలదీయడానికి వెళ్ళాను.

అబ్రహామూ వెంట వచ్చి గట్టు మొదట్లో నిలబడ్డాడు. వేసవి కాబట్టి కాలవ కట్టేశారు. నీరు లేదు. అడుగున బురద ఎండి పెంకులు లేచింది. బండి ఎక్కి ఎర్ర నూలు మీద చెయ్యి వేశాను. చాలాసేపు బాగానే వెళ్ళాను. భయం తగ్గింది, నవ్వు కూడా వచ్చింది. వంపు దగ్గరికి వచ్చేసరికి గట్టు కింద నుంచి నాలుగు మేకలు పైకి వచ్చాయి. బ్రేకు తొక్కాను.

బండి రొదపెట్టింది. అదే రొద. మూడేళ్ళుగా నా చెవుల్లో ఉన్నదే. మళ్ళీ తొక్కాను, మళ్ళీ రొద. పిడి నా ప్రమేయం లేకుండా నా చేతిలో తిరిగింది. నా చేతి మీద ఇంకొకరి చెయ్యి పడి తిప్పినట్టే తోచింది. ఆ తరవాత ఆకాశం, గట్టు, ఎండు బురద. కాలవ అడుగున వెల్లకిలా పడి ఉన్నాను. పై నుంచి అబ్రహాము పిలుస్తున్నాడు. అన్నయ్య పడిన చోటు అదే, నీళ్ళు లేకపోవడం ఒక్కటే తేడా. "ఏం కావాలిరా నీకు?" అని గట్టిగానే అడిగాను. అన్నయ్యను జీవితంలో ఒరే అన్నది అప్పుడే.

ఇంటికి వచ్చాక వదిన నా మోచేతికి పసుపు అద్దింది.

"ఎక్కడ పడ్డావు?"

"అక్కడే వదినా."

ఆవిడ చెయ్యి ఆగింది. "పిలుస్తున్నాడా?"

అవునని నా మొహమే చెప్పి ఉంటుంది.

"పిలిస్తే నన్ను పిలవాలి. నిన్నెందుకు పిలుస్తాడు? మాట అన్నది నేను," అంది వదిన. ఏడవలేదు. పసుపు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పొద్దు గూకేదాకా రాట్నం చప్పుడు వినపడలేదు. ఆవిడ ఏమైనా చేసుకుంటుందేమోనని రెండుసార్లు లేచి తలుపు సందులోంచి చూశాను.

నాలుగు రోజుల తరవాత అబ్రహామే కబురు పెట్టాడు. "ఆ బండి వద్దండి, ఆ గట్టూ వద్దు. కొత్తది ఎక్కండి," అన్నాడు. సెలవుల్లో ఖాళీగా ఉన్న మిషన్ బడి ఆవరణకు తీసుకెళ్ళాడు. చుట్టుపక్కల కాలవ లేదు, నీళ్ళు లేవు. బండి సముద్రం దాటి వచ్చింది, మా అన్నయ్యను ఎరగదు. ధైర్యంగా ఎక్కాను. రెండు చుట్లు తిరిగాను. "ఇక ఆపండి!" అన్నాడు. బ్రేకు తొక్కాను.

రొదపెట్టి వెళ్ళి కంపకంచెలో పడింది.

ముళ్ళు పీక్కుంటూ లేచాను. గట్టు వదిలి, పాతబండి వదిలి ఇక్కడికి కూడా వచ్చాడంటే అన్నయ్య ఉన్నది బండిలో కాదు, నాలో అనుకున్నాను. అబ్రహాము మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నావంక వింతగా చూస్తున్నాడు.

"చౌడయ్యగారూ, మీరు కాలు తొక్కినప్పుడల్లా కుడిచెయ్యి ఎందుకండీ గుంజుతున్నారు?"

"నేనెక్కడ గుంజాను?"

"ఇంజను ఆపేశాను. కూర్చోండి. ఇప్పుడు తొక్కండి."

తొక్కాను. నా కుడిచెయ్యి పిడిని పట్టుకుని కిందికి ఒక్క గుంజు గుంజింది. నేను చెప్పలేదు దానికి. మళ్ళీ తొక్కాను. మళ్ళీ గుంజింది. చెయ్యి నాది కానట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఇంతమందికి నేర్పాను గానీ ఎవళ్ళూ ఇట్టా చెయ్యలేదండి. ఇదేం అలవాటు?" అన్నాడు అబ్రహాము.

అతనికి తెలియదు. అతను మగ్గం గుంటలో దిగినవాడు కాదు. మాకు తొమ్మిదో ఏట మొదలవుతుంది. కాలికింద చెక్క తొక్కితే పడుగు పోగులు రెండుగా విచ్చుకుంటాయి, వెంటనే కుడిచేత్తో తాడు కిందికి గుంజితే వాటి మధ్య నుంచి కండె ఉన్న నాడె అటు నుంచి ఇటు దూసుకుపోతుంది. తొక్కు, గుంజు. రోజుకి కొన్ని వేలసార్లు. అన్నయ్య ఇరవై ఏళ్ళు నేశాడు. మా కాలు దేన్ని తొక్కినా చెయ్యి ఊరుకోదు, గుంజుతుంది. ఆపడానికి ఎంత తొక్కితే బండికి అంత వేగం అందుతుంది.

అన్నయ్య కావాలని పోలేదు.

ఆ కంచె పక్కనే కూలబడి నవ్వాను. పరుగెత్తుకుని వెళ్ళి వదినకు చెప్పాలనిపించింది. లేచి నాలుగడుగులు వేశాను. అప్పుడు గుర్తొచ్చాడు శౌరయ్య. మూడుసార్లు మోత పెంచాడు అన్నాడు. నేను మూడుసార్లు అరిచాను, బ్రేకు తొక్కమని.

తమ్ముడి మాట చెవిన పెట్టలేదని మూడేళ్ళు తిట్టుకున్నాను. పెట్టాడు. అరిచిన ప్రతిసారీ విన్నాడు. విని తొక్కాడు.

పటమట దాకా ఎలా నడిచానో తెలియదు. దారిలో ఒక ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు. చెయ్యి సంగతి చెప్పి, అరుపు సంగతి మింగేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. వదినకు శాంతి, నాకూ ఏ గొడవా లేదు. ఇంటి గడప దాకా ఆ ఆలోచనతోనే వచ్చాను.

వదిన రాట్నం దగ్గర ఉంది. మాటలతో చెప్పడం చేతగాక మగ్గం గుంటలోకి దిగాను. "నా చెయ్యి చూడు వదినా," అని చెక్క తొక్కాను. చెయ్యి గుంజింది. నాడె పరుగెత్తింది. "బండి మీద కూడా ఇంతే. బ్రేకు తొక్కితే చెయ్యి ఇలాగే గుంజి వేగం పెంచుతుంది. అన్నయ్య ఆపాలనే చూశాడు."

ఆవిడకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. సాలెవాళ్ళింట్లో పుట్టి పెరిగిన మనిషి కాదూ.

"నిద్దట్లో కూడా అంతేనయ్యా," అంది వదిన. "కాలు కదిలితే చెయ్యి లాగేది. నాకు తగిలేది. నేను ఆ చెయ్యి పట్టుకుని పడుకునేదాన్ని. నాకు తెలియకపోవడమేంటి, చౌడయ్యా? ఇంత కాలం నాకు తట్టకపోవడమేంటి?"

మూడేళ్ళకు ఆవిడ ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక మింగేద్దామనుకున్నది గొంతులో ఆగలేదు.

"తొక్కు తొక్కు అని మూడుసార్లు అరిచింది నేను వదినా. నేను అరిచినప్పుడల్లా తొక్కాడు."

వదిన ఏడుపు ఆపి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే ఆయన ఆఖర్న విన్నది నీ మాట," అంది. "నా మాట కాదు."

దెప్పిపొడుపు కాదది. ఎంతో ఊరటగా అంది. చెంగుతో మొహం తుడుచుకుని, లేచి పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది. వెళుతూ అన్నయ్య నేస్తూ పాడుకునే పాట ఏదో సన్నగా కూనిరాగం తీసింది. నేను గుంటలోనే ఉండిపోయాను.

జూన్‌లో కాలవకు నీళ్ళు వదిలారు. ఏ బండి తీసుకుంటారని అబ్రహాము రెండుసార్లు మనిషిని పంపాడు. చెయ్యి గుంజడం మరిచిపోయాక వస్తానని చెప్పమన్నాను. ఉయ్యూరుకి మూటతో బస్సులోనే వెళుతున్నాను.

వదిన ఇప్పుడు అందరితోనూ మాట్లాడుతుంది. వీధి ఆడవాళ్ళు మళ్ళీ మా అరుగు మీద చేరుతున్నారు. నేను నేస్తూ ఉంటాను. మూడుసార్లు తొక్కాక నా కాలు దానంతట అదే ఆగిపోతుంది. అప్పుడు మగ్గం చప్పుడు ఆగి, వెనకాల ఎవరో తొక్కమని అరుస్తూ పరుగెత్తుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. ఆ గొంతు అన్నయ్యది కాదు. నాదే.

"ఆపావేం చౌడయ్యా, నేయి," అంటుంది వదిన రాట్నం దగ్గర నుంచి, మామూలుగా.

తొక్కుతాను. చెయ్యి గుంజుతుంది.