ఎంగిలి ముడి

అదిగో, నీళ్ల గిన్నె దాకా వచ్చాం కదమ్మా మనవరాలా, అక్కణ్ణుంచి రాసుకో. నిదానంగానే చెప్తాలే.

ఆ గిన్నెని మా అన్నయ్య, మీ పెద్దతాత, పొద్దున్నించీ ముట్టుకోలేదు. బల్ల మీద ఓ మూలకి జరిపేశాడు. మేనల్లుడు, అదే మా అక్క కొడుకు, మీ బాబాయి, దాన్ని మళ్లీ ఆయన మోచేతి దగ్గరికి జరిపాడు. ఆయన మళ్లీ మూలకి జరిపాడు. మాటల్లేకుండా పోట్లాడుకోవడం ఆ మామా అల్లుళ్లకి కొత్తేం కాదు.

కొట్టు గుమ్మానికి ఎడమ పక్కన, వెలుతురు పడేచోట, పొట్టి స్టూలు మీద కూర్చుని ఆయన గాలాలకి దారాలు కడుతున్నాడు. వెనకాల గోడకి చేపలు పట్టే కర్రలు కట్టలు కట్టలుగా ఆనించి ఉన్నాయి. సీసాల్లో నీళ్ల మీద తేలే ఎరుపూ పసుపూ బెండ్లు, రేకు పళ్లేల్లో సీసపు గుండ్లు. కొట్టు ఎంత ఇరుకంటే, ఒకరు లోపలికి రావాలంటే ఒకరు బయటికి వెళ్లాలి.

గాలాన్ని ఎడమచేతి రెండువేళ్ల మధ్య పట్టుకుంటాడు. నైలాను దారాన్ని మడిచి, గాలం కాడ మీద చుట్టు పక్కన చుట్టు వేసి, కొసని మడతలోంచి దూర్చి పంటికింద పెట్టుకుంటాడు. అప్పుడు ముడిని నోటి దగ్గరికి తెచ్చి, నాలికతో తడిపి, మెల్లగా లాగుతాడు. పొడిగా లాగితే చుట్లు సర్దుకోవు. పైకి బిగిసినట్టే కనిపించి, చేప గుంజినప్పుడు జారిపోతాయి. తడిపి లాగితే ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి. అందరూ దాన్ని ఎంగిలి ముడి అనేవారు. "పెద్దాయనా, రెండు ఎంగిలివి ఇవ్వండి" అని అడిగి తీసుకెళ్లేవారు. ఇంకెక్కడైనా ఆ మాట తిట్టు. ఆ కొట్లో అదే పేరు, అదే పరపతి.

నైలాను కొరికి కొరికి ఆయన ముందుపంటికి ఒక గాడి పడింది. పళ్ల డాక్టరు దాన్ని చూసి ఆశ్చర్యపోయి, "ఏం పని చేస్తారండీ?" అని అడిగాడట.

"నోటితోనే బతుకుతానండీ."

"ఓహో, లాయరుగారా!"

ఆ ముక్క ఆయన ఎంతమందికి చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ల కంటే ముందు తనే నవ్వేవాడు.

నిజానికి ఆయన జీవితంలో చెప్పుకోవడానికి అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. ఆ కొట్టు మా బావది, అక్క మొగుడిది. పెళ్లికాకముందే అన్నయ్య అందులో పనికి చేరాడు. వదిన పిల్లాజెల్లా లేకుండానే తొందరగా కన్నుమూసింది. తరవాత బావ పోయాడు. అప్పటికి మేనల్లుడు బడికెళ్లే పిల్లాడు. వాడు అందివచ్చేదాకా అక్క గల్లాపెట్టె దగ్గర, అన్నయ్య స్టూలు మీద కూర్చుని కొట్టు లాక్కొచ్చారు. వాడు అందివచ్చాక కూడా ఆయన స్టూలు దిగలేదు.

ఇంకో సంగతమ్మా, నవ్వకు. అన్ని గాలాలు కట్టిన మనిషి తను ఒక్కసారీ నీళ్లలో గాలం వెయ్యలేదు. చేపలకి వెళ్లేవాళ్లంతా వెళ్లేది ఆదివారాలు. ఆదివారమే కొట్లో గిరాకీ. తన ముడి నీళ్లలోకి దిగితే ఎలా ఉంటుందో ఆయన చూడనేలేదు. ఎవరో ఒకరు వచ్చి, "నిలిచింది పెద్దాయనా" అంటే, అదే చూసినట్టు.

ఊరి బయట పెద్దరోడ్డు మీద ఆ పెద్ద షాపు లేచాక కొట్టుకి వచ్చేవాళ్లు పలచబడ్డారు. అక్కడ సైకిళ్లుంటాయి, బూట్లుంటాయి, గుడారాలుంటాయి. ఓ వరస మొత్తం చేపల సరంజామా. కట్టిన గాలాలు పాకెట్లలో పెట్టి కొక్కేలకి తగిలిస్తారు. జనం ఇక్కడికొచ్చి కర్ర పట్టుకు చూసి, వంచి చూసి, ఏ నీళ్లకి ఏది మంచిదో అడిగి తెలుసుకుని, అక్కడికెళ్లి కొనుక్కునేవారు.

"మాటలు మన దగ్గర, మూటలు అక్కడ" అనేవాడు మేనల్లుడు.

మొన్నొకావిడ, మొగుడికి కానుకివ్వాలని గాలాలు అడిగింది. ఆయన ముడి నోట్లో పెట్టుకోవడం చూసి, "ఛీ, ఇదేంటండీ!" అని దిగి వెళ్లిపోయింది. ముడి నీళ్లతో తడపమని మేనల్లుడు ఆ గిన్నె పెట్టింది అందుకే.

కానీ ఆయన దాన్ని ముట్టుకోకపోవడం పంతం కాదు. పంతమని మేనల్లుడు అనుకున్నాడు. అసలు సంగతి ఆయనకొక్కడికే తెలుసు. డాక్టరు బీపీ మాత్రలు మార్చినప్పటి నుంచి ఆయన నోరు ఎండిపోతోంది. నాలిక తాటాకులా ఉంటోంది. ముడిని నోటి దగ్గరికి తెస్తున్నాడు, పెదాలు కలుపుతున్నాడు, లాగుతున్నాడు. అంతా అలవాటు ప్రకారమే. తడి మాత్రం లేదు. ఇన్నాళ్లూ తన నోటిని చూసి వచ్చిన జనం ముందు గిన్నెలో వేలు ముంచితే, ఆ నోట్లో ఏమీ లేదని చాటింపు వేసినట్టే. ఇవాళ కాకపోతే రేపు ఊరుతుందిలే అనుకుంటూ వారాలు గడిపేశాడు.

ఆ పొద్దున పెద్ద షాపు నుంచి మేనల్లుడికి ఫోనొచ్చింది. కర్రల వెనక్కి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడాడు. చిన్న కొట్టు, ఎంత తగ్గిస్తే మాత్రం వినపడదూ?

"లేదండీ... జీతం సంగతి కాదండీ, మీరు చెప్పింది చాలా ఎక్కువే... చేపల సరంజామా విభాగమే నాకప్పగిస్తానంటే నాకు మాత్రం చేదా? కానీ మా మామయ్య ఉన్నన్నాళ్లు కుదరదండీ. ఆయన ముడి కోసమే ఈ కొట్టుకి ఇంకా నలుగురొస్తున్నారు... సరేనండీ, సాయంత్రం లోపు చెప్తాను. చెప్పేది అదే అనుకోండి."

స్టూలు మీద ఆయన చేతులు ఆగలేదు. ఇంకో గాలం తీసి, చుట్లు వేసి, నోటి దగ్గరికి తెచ్చి, లాగాడు. దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. చుట్లలో ఒకటి పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంది. పళ్లతో కొరికి పారేశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టైలరు వచ్చాడు. సందు చివర ఆయనకి కుట్టు మిషనుంది. కుట్టుపని లేని రోజున నది ఒడ్డున ఉంటాడు. మా బావ కాలం నుంచీ ఖాతాదారు. మెళ్లో టేపు అలాగే ఉంది. జేబులోంచి ఓ దారం ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. దాని కొస మెలి తిరిగి ఉంగరంలా చుట్టుకుని ఉంది.

"ఎంత చేపనుకున్నారు? కర్ర విల్లులా వంగింది. ఒడ్డుకొచ్చింది, మొహం కూడా చూశాను. అంతే, ఫట్టుమని తేలికైపోయింది."

"రాయికి ఒరుసుకుని తెగుంటుంది" అన్నాడు మేనల్లుడు.

"తెగితే కొస తిన్నగా ఉంటుందబ్బాయ్. ఇది జారింది."

"మా మామయ్య ముడి జారడమా? మీరే తొందరపడి గుంజేసుంటారు."

"నాకా దారం సంగతి చెప్తున్నావు?"

"దారం సంగతి కాదు, చేప సంగతి! తప్పిపోయిన ప్రతి చేపా తిమింగిలమే, తప్పు మాత్రం ముడిది."

టైలరు మొహం ఎర్రబడింది. "మంచిదయ్యా. నీ కొట్టుకో దండం, నీ నోటికో దండం. ఆ పెద్ద షాపువాడు కనీసం నవ్వుతూ అమ్ముతాడు" అని గుమ్మం దిగాడు.

పెద్దాయన చేతిలో గాలం ఆగింది. పలక్కుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే కొట్టుంటుంది, స్టూలుంటుంది, మేనల్లుడు సాయంత్రం ఫోను చేసి రానని చెప్పేస్తాడు. వాడికీ ఆ ఉద్యోగం తప్పిపోతుంది, రేపింకెవరికో చేపా తప్పిపోతుంది.

"టైలరూ, ఆగవయ్యా" అన్నాడు.

టైలరు ఆగాడు.

"జారింది ముడే. నా నోట్లో తడి లేదు. ఉత్తుత్తినే నాకుతున్నాను."

"అదేంటి మామయ్యా?"

"బీపీ మాత్రలురా. నోరు బీడుపడిపోయింది. చాన్నాళ్లయింది."

"మరి ఆ గిన్నె అక్కడే ఉందిగా! ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెప్తే ఎంగిలి ముడని ఎలా అమ్ముతావురా? నీళ్ల ముడని అమ్ముతావా?"

టైలరు ముందు నవ్వాడు. కోపమంతా దిగిపోయి వెనక్కొచ్చి గుమ్మం మీద కూర్చున్నాడు. కాస్త సిగ్గుపడుతూ జేబులోంచి ఓ పాకెట్టు తీశాడు. పెద్ద షాపుది.

"చూద్దామని కొన్నా" అన్నాడు.

పెద్దాయన దాన్ని అందుకుని ఒక గాలం బయటికి తీశాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి ముడిని కంటికి దగ్గరగా పట్టుకు చూశాడు. గాలాన్ని బల్లకి కొట్టిన మేకుకి తగిలించి, దారం చేతికి చుట్టుకుని, బలమంతా పెట్టి లాగాడు. మెడ నరాలు పొంగాయి. ముడి కదల్లేదు. చుట్లు అతికినట్టు ఉన్నాయి.

"బాగుంది. చాలా బాగుంది. ఎవరు కట్టారో?"

"మిషను కడుతుందేమో మామయ్యా."

"మిషనుకి ఉమ్మెక్కడిదిరా?" కాసేపు అలాగే చూసి అన్నాడు, "కాదు, ఎవరో కట్టారు. ఏ ఆడకూతురో. పొద్దస్తమానం కడుతుందంటే ఆ తల్లికి నోరెంత ఎండిపోతుందో."

పాకెట్టు టైలరు చేతికిచ్చేసి, "దీంతో వెళ్లు, నిలుస్తుంది" అన్నాడు.

తరవాత గిన్నె తనే దగ్గరికి లాక్కున్నాడు. వేలు ముంచి ముడి మీద నీళ్లు రాసి లాగాడు. చుట్లు సర్దుకున్నాయి. "అరె, నీళ్లకీ బాగానే బిగుస్తోందిరా" అన్నాడు చిన్నపిల్లాడిలా. మేనల్లుడు అటు తిరిగి బెండ్ల సీసా మూత తుడవడం మొదలెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఒరేయ్, ఫోనులో చెప్పకు. ఎదురుగా వెళ్లి చెప్పు, వస్తానని."

"వినేశావా?"

"ఎంగిలి పోయింది గానీ చెవులున్నాయిగా. వెళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లు."

"నువ్వేం చేస్తావు మామయ్యా?"

"ఆదివారం టైలరుతో నదికి వెళ్తాను. నా ముడి నీళ్లలో ఎలా దిగుతుందో చూడాలి. ఏమయ్యా, తీసుకెళ్తావా?"

"తీసుకెళ్లడమేంటి, మోసుకెళ్తాను" అన్నాడు టైలరు.

మేనల్లుడు గడప దాటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పెద్దాయన చెయ్యి విసిరి, వెళ్లు వెళ్లు అన్నాడు, నవ్వుతూనే. టైలరు కూడా తన మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. ఆదివారం కోసం తనకంటూ ఒక గాలం కట్టుకుందామని పెద్దాయన మంచిది ఏరుకుని, వెలుతురు పోకముందే మొదలుపెట్టాడు.

ఇంటికి తీసుకెళ్దామని నేను వెళ్లేసరికి వీధిలో దీపాలు పెడుతున్నారు. కొట్లో దీపం లేదు. గోడకి ఆనుకుని, తల కాస్త పక్కకి వాల్చి కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని, "అన్నయ్యా, లే, ఇంటికి పోదాం" అన్నాను. భుజం మీద చెయ్యి వేశాకగానీ తెలియలేదు.

నువ్విది మీ బాబాయికి చదివి వినిపించమ్మా. ఆ పెద్ద షాపులోనే చేపల విభాగం చూసుకుంటున్నాడు, పాకెట్లు సర్దుతూ. మనింటికి రావడం మానేశాడు. తను ఆ సాయంత్రం వెళ్లబట్టే ఆయన పోయాడని వాడి బెంగ. నేను చెప్పబోతే లేచి వెళ్లిపోతాడు. నువ్వు చదివితే కూర్చుంటాడు. వెళ్లమన్నది ఆయనే, నవ్వుతూ అన్నాడు, ఆ ముక్క దగ్గర కాస్త ఆగి చదువు.

ఆయన వేళ్లలోంచి నేను తీసిన గాలం నా దగ్గరే ఉంది. చుట్లన్నీ వేశాడు, కొస దూర్చాడు, ఇంక లాగి బిగించడమే.