బావుందని నేననలేదు

మళ్ళీ పలచనే, కప్పు పెదవికి తగలకముందే రంగు చూస్తే తెలిసిపోతోంది, డికాక్షన్ సరిగ్గా దిగకుండానే పాలు కలిపేసింది శారద, ఈ మాట నా లోపల ఎంత చక్కగా వస్తోందో, స్ట్రోక్ నా నాలుకను పట్టుకుంది గానీ బుర్రను కాదు, అయినా నోరు తెరిచేలోగా టేబుల్ మీది టాబ్లెట్ యంత్రం తానే మాట అందుకుంటుంది, కాఫీ చాలా బావుంది, థాంక్యూ శారదా, అదీ అచ్చం నా గొంతుతో, ఎవడివిరా నువ్వు, కట్టుకున్నదానికి ఒక్కనాడైనా థాంక్యూ చెప్పిన పాపాన పోయానా నేను, అవనిని అని లాభం లేదు, పిచ్చిపిల్ల, మాట పడిపోయిన తండ్రికి మాట తెచ్చిపెడదామని నా పాత ఈమెయిళ్ళన్నీ దానికి నేర్పించింది, అన్నీ హెర్న్‌డన్ ఊళ్ళోని ఆఫీసులో మేనేజరుగా రాసినవే, మీ శ్రమకు కృతజ్ఞతలు, తప్పకుండా ఆలోచిద్దాం, అంటూ ఒళ్ళు మండుతున్నా నవ్వు పులుముకుని రాసినవి, ఆ మర్యాదస్తుడే ఈ యోగానంద్ అనుకుంది యంత్రం, నేను కాఫీకి వంక పెట్టడం, అయితే మీరే పెట్టుకోండి అంటూ శారద కప్పు లాక్కోబోవడం, నేనివ్వకపోవడం, ఇద్దరం నవ్వుకోవడం, ఇవన్నీ ఏ ఈమెయిల్లో దొరుకుతాయి దానికి, నాలుకే లేనిదానికి పలచనంటే ఏం తెలుసు, శారద దానికేమవుతుంది.

ఈమధ్య ఆమె నాతో పోట్లాడడం మానేసింది, థాంక్యూ వినగానే, ఇంటికొచ్చిన అతిథికి ఇచ్చినట్టు కప్పు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతోంది, నాకు భయంగా ఉంది, నేనింకా ఇక్కడే ఉన్నానని మరిచిపోతుందేమోనని.

ఇక చాలు, ఎడమచేత్తో బటన్ నొక్కి దాన్ని ఆర్పేశాను, అవని పరుగెత్తుకొచ్చింది, నాన్నా ప్లీజ్, అది నీకు హెల్ప్ చేస్తుంది కదా, థెరపిస్ట్ కూడా యూజ్ చేయమంది, అంటూ మళ్ళీ ఆన్ చేయబోయింది, నేను దాని మీద మోచెయ్యి ఆనించాను, ప అన్నాను, మాట నాలుక చివరే తిరుగుతోంది, చొంగ కారుతోంది, కారనీ, శారద వంటింటి గుమ్మంలో ఆగిపోయింది, పల, నుదుటి మీద చెమట, పలచన.

శారద వచ్చి కప్పు మీద చెయ్యి వేసింది, కళ్ళు నిండిపోయాయి, అయితే మీరే పెట్టుకోండి, అంది, లాగింది, నేను వదల్లేదు, ఈ నీళ్ళ కాఫీని చివరి చుక్కదాకా తాగుతాను, రేపూ వంక పెడతాను, బావుందని నా బదులు ఎవరైనా అనొచ్చు, బాలేదనడానికి మాత్రం నేనే ఉండాలి.