డిటెక్టివ్ బాబాయి ముడి

సంచి మూతికి చివరి మెలిక బిగించి, ఒక కన్ను మూసి మరో కంటితో దాన్ని పరీక్షించి, తాడు కొసను తనకు మాత్రమే తెలిసిన దిక్కుకు తిప్పి పెట్టాడు స్ట్రెచరు తోసే ఆ మనిషి. సంచిలో ఉన్నది మధ్యాహ్న భోజనపు క్యారేజీ తప్ప మరేమీ కాదు. అయినా ఏ సామ్రాజ్యపు కోశాగారానికీ అంత కట్టుదిట్టమైన ముద్ర పడి ఉండదు. తాను లేనప్పుడు ఎవరైనా విప్పి మళ్ళీ కడితే మెలిక తిరిగే తీరు మారుతుంది. మారితే అతనికి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ మారలేదు. మరొకరైతే తన భోజనం మీద లోకానికి ఆసక్తి లేదని గ్రహించేవారు. అతడు మాత్రం తన ముడిని చూసి లోకం జడుసుకున్నదని తీర్మానించుకున్నాడు.

"నేను వండిన కూరకి నా మీదే కాపలానా?" అని భార్య ఒకసారి నిలదీసింది.

"నీ మీద కాదే. నీకూ నాకూ మధ్య ఉన్నవాళ్ళ మీద."

ఆమెకూ అతనికీ మధ్య ఉన్నది ఒక బస్సు.

ఆసుపత్రిలో అందరూ అతణ్ణి డిటెక్టివ్ బాబాయి అనేవారు. బక్కపలుచని పొడుగాటి మనిషి. ఏళ్ళ తరబడి స్ట్రెచరుకు ఎడమ పక్కనే నిలబడి తోయడం వల్ల ఒక భుజం కిందికి దిగి, నిలబడినా ఏదో ఆలకిస్తున్నట్టే కనిపించేవాడు. మహమ్మారి వచ్చాక మాస్కు తాళ్ళు చెవుల వెనుక ఎర్రని చారలు దింపాయి. కళ్ళద్దాలు ఊపిరికి మసకబారేవి. లోకాన్ని అనుమానించడానికి ఆ మసక కూడా అతనికి అక్కరకు వచ్చింది.

అట్టి మహానుభావుడి ఎదుటనే ఆసుపత్రి యాజమాన్యం ఒక సాహసానికి ఒడిగట్టింది. పాత ఎక్స్‌రే ఫిల్ములు గుట్టలుగా పడి ఉండే గదిని ఖాళీ చేయించి, లేత ఆకుపచ్చ రంగు వేయించి, వెనక్కు వాలే కుర్చీలు, ఒక తెర, ఒక టీ ఫ్లాస్కు, మృదువుగా మాట్లాడే ఒక మేడమ్‌ను అందులో ప్రతిష్ఠించింది. తలుపు మీద పెద్ద అక్షరాలతో శాసనం వెలిసింది: "సిబ్బంది విశ్రాంతి గది. లోపల నిద్రపోతున్నవారిని ఎవరూ లేపరాదు."

తరాలుగా స్ట్రెచరు తోసేవాడికి ఒక ముక్కాలి పీట అయినా వేయని సంస్థ ఇప్పుడు హఠాత్తుగా వాలుకుర్చీ వేసిందంటే అర్థమేమిటి? డిటెక్టివ్ బాబాయి బుద్ధి రాత్రింబవళ్ళు శ్రమించి సమాధానం కనిపెట్టింది. అది గది కాదు, జల్లెడ. అలిసిపోయాననే వాళ్ళను వేరు చేసి బయటికి పారబోసే యంత్రం. సాక్ష్యం కూడా ఉంది. వార్డులు ఊడ్చే అక్క ఆ గదిలోకి వెళ్ళి ఏడ్చింది. మర్నాటి నుంచి పనిలో కనబడలేదు.

ఇంత పరిశోధన వెనుక ఒక స్వప్రయోజనం ఉన్నమాట వాస్తవం. కొంతకాలంగా పై అంతస్తుకు పోయే ర్యాంపు సగానికి వచ్చేసరికి ఎవరో లోపలికి చెయ్యి పెట్టి పిండుతున్నట్టు అతని రొమ్ము బిగుసుకుపోతోంది. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే కూతురి నర్సు చదువు ఆఖరి ఏడాదిలో ఆగిపోతుంది. పిల్ల చేతికి పట్టా వచ్చేదాకా ఈ రొమ్ము నోరు మూసుకుని ఉంటే చాలు. అందుకే నొప్పి వచ్చినప్పుడల్లా వంగి, "చక్రం ఇరుక్కుందిరా" అనేవాడు.

ఆ ఉదయం కూడా ఇరుక్కుంది. స్ట్రెచరు మీద ఆక్సిజన్ గొట్టంతో ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. కుడి పక్కన తోసే కుర్రవాణ్ణి రైలు అంటారు. మలుపు వచ్చినప్పుడల్లా దారి ఇమ్మని నోటితో కూత వేయడం వాడి విద్య.

"బాబాయ్, మన చక్రం భలే తెలివైంది. ఎత్తొస్తే చాలు, మొరాయిస్తుంది. దిగేటప్పుడు మాత్రం బంగారం."

"నోరు మూసుకుని పట్టుకో. జారిపోతుంది."

ఎదురుగా విశ్రాంతి గది మేడమ్ దిగుతూ వచ్చింది. ఆగింది. అతని నుదుటి వైపు చూసింది.

"బాబాయ్, ఈయన్ని దింపేశాక ఒకసారి మా గదికి రండి. కాసేపు కూర్చుని టీ తాగుదురుగాని."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదండీ. చెమటలు చూసి అంటున్నా."

"ఈ ప్లాస్టిక్ రక్షణ సూటు వేసుకుంటే ఎవరికైనా పడతాయి. మీరు కూర్చున్నారా ఆ కుర్చీలో, ఎప్పుడైనా?"

ఆమె కాస్త ఆలోచించింది. "లేదు. తీరిక దొరకలేదు."

దొరికిపోయింది! తాను వేసిన కుర్చీలో తానే కూర్చోదు! ఆ ఉత్సాహంలో డిటెక్టివ్ బాబాయి మిగిలిన ర్యాంపును ఆగకుండా ఎక్కేశాడు. పైన గోడను పట్టుకుని చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం మెట్ల కింద, వీపును గోడకు ఆనించి, తాళం వేసినట్టున్న సంచిని తనిఖీ చేసి, విప్పి భోంచేశాడు. చేయి కడుక్కుని వచ్చేసరికి ఎదుట చీపురు పట్టుకుని, ఉద్యోగం ఊడిందని తాను నిర్ధారించిన ఊడ్పుల అక్క నిలబడి ఉంది. ఆమె ముఖం మీది ముడతలు ఎవరో ఇస్త్రీ చేసినట్టు సాపుగా ఉన్నాయి.

"అక్కా! నిన్ను తీసేశారన్నారే?"

"ఎవరన్నారు?"

అన్నది తానే గనుక, "అందరూ" అన్నాడు.

"తియ్యడమేంటి తమ్ముడూ? సెలవిచ్చారు. జీతం కూడా కొయ్యలేదు."

"ఏం రాయించుకున్నారు?"

"ఏం లేదు."

"ఏం కూపీ లాగారు?"

"కంటినిండా ఎప్పుడు నిద్రపోయావమ్మా అని ఆ మేడమ్ అడిగింది. గుర్తుకు రాలేదు. దానికే ఏడుపొచ్చేసింది. ఇంటికెళ్ళి పడుకున్నా తమ్ముడూ. అంతే. పడుకున్నా."

ఆమె ఊడ్చుకుంటూ ముందుకు పోయింది. ఎన్నో నిద్రలేని రాత్రుల మీద కట్టిన ఒక మహాసిద్ధాంతం చీపురు మొనకు తగిలిన చెత్తలాగా ఆమె వెంటే పోయింది. అతడు కాసేపు దాని శిథిలాల మధ్య నిలబడ్డాడు. తర్వాత, కేవలం తనిఖీ నిమిత్తం, సంచి తీసుకుని ఆకుపచ్చ గదికి నడిచాడు.

తెర వెనుక ఎవరూ లేరు. కుర్చీ కింద ఏమీ లేదు. ఫ్లాస్కు మూత వాసన చూశాడు. "ముందు మీరు తాగండి" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. కిటికీ దగ్గరికి పోయి, మాస్కు దించి, ఒక గుక్క తాగి చూపించింది.

"మేడమ్, ఒక మాట. నా సంగతి కాదు. మావాడొకడున్నాడు. ఎత్తెక్కితే వాడికి రొమ్ములో పట్టేస్తుందంట. నోరు తెరిచి చెప్పాడనుకోండి, తీసేస్తారా?"

"తియ్యరు బాబాయ్. డాక్టరు చూస్తారు. కుదుటపడేదాకా కూర్చుని చేసే పనేదైనా ఇస్తారు. నేను దగ్గరుండి మాట్లాడతా." టీ గ్లాసు అతని చేతికిచ్చి, "మీవాడు ఇప్పుడెక్కడున్నాడు?" అంది.

అతడు గ్లాసులోకి చూశాడు.

"ఇక్కడే ఉన్నాడు లెండి. ఈ టీ తాగి పట్టుకొస్తా."

ఆమె అప్పుడే తలుపు వైపు కదిలింది. "కూర్చునే ఉండండి. లేవద్దు. డాక్టర్ని నేనే తీసుకొస్తా." వెళ్ళిన మనిషిని వార్డు వాకిట్లోనే ఆపేశారు. ఒక సిస్టరు సూటులోనే స్పృహ తప్పి పడింది. ఆమెను చూస్తున్న డాక్టరు కదలడానికి వీల్లేదు.

గదిలో అతడు టీ తాగాడు. బాగానే ఉంది, అదొక్కటే కొంచెం అనుమానాస్పదం. ఇంటికి ఫోను చేసి, "సాయంత్రం నీకో మాట చెప్పాలే. ఏం కంగారు లేదు, మంచిదే" అన్నాడు. సంచి మూతి కట్టి పక్కన బల్ల మీద పెట్టాడు. కుర్చీ మీద చేత్తో నొక్కి చూసి, కూర్చుని, మెల్లగా వెనక్కు వాలాడు. దిగిన భుజం, దిగని భుజం ఒకే ఎత్తుకు వచ్చాయి.

వెతుక్కుంటూ వచ్చిన రైలు తలుపు సందులోంచి చూసి ఆశ్చర్యపోయాడు. డిటెక్టివ్ బాబాయి నిద్ర! అదీ నలుగురూ తిరిగే చోట! తలుపు మీది శాసనాన్ని ఇంకోసారి చదివి, మునివేళ్ళ మీద వెనక్కు తగ్గాడు. కబురు వార్డులన్నీ చుట్టింది. సిస్టర్లు ఒక్కొక్కరే వచ్చి తొంగిచూసి, కళ్ళతోనే నవ్వుకుని పోయారు. ఊడ్పుల అక్క తెర లాగి, దుప్పటి తెచ్చి మోకాళ్ళ దాకా కప్పింది. అతని వంతు స్ట్రెచర్లను వేరేవాళ్ళు పంచుకున్నారు. ఆ తలుపు ముందునుంచి పోయినప్పుడల్లా రైలు కూత వేయడం మానేశాడు. అంతటి భద్రతతో ఆ ఆసుపత్రిలో అంతకుముందు ఎవరి నిద్రకూ ఎవరూ కాపలా కాయలేదు.

చీకటి పడుతుండగా మేడమ్ డాక్టరును వెంటబెట్టుకుని పరుగున వచ్చింది.

"ష్, పడుకున్నాడు" అన్నాడు రైలు, నోటిమీద వేలు పెట్టుకుని.

డాక్టరు కుర్చీ పక్కన వంగి మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. తర్వాత ఆ చేతిని దుప్పటి కిందికి, నిజంగానే నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా, చేర్చాడు. ఊడ్పుల అక్క గుమ్మంలోనే చతికిలబడింది.

తీసుకుపోవడానికి స్ట్రెచరు వచ్చింది. ఎడమ పక్కన నిలబడడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మేడమ్ నిలబడింది.

అందరూ వెళ్ళాక రైలు ఒక్కడే వెనక్కు వచ్చాడు. క్యారేజీ కడిగి ఇంటికి పంపాలి. ఆ ముడి చేత్తో ఊడేది కాదని, వస్తూ వస్తూ కత్తెర తెచ్చుకున్నాడు.

బల్ల మీద, ఖాళీ టీ గ్లాసు పక్కన, సంచి ఉంది. తాడు కొస తలుపు వైపుకు వేలాడుతోంది. మూతికి వేసి ఉన్నది, ఎవరు లాగినా విడిపోయే మామూలు జారుముడి.