రేకుల గదిలో చప్పుడు

అప్పలసూరి పోయిన నెల్లాళ్ళకు, తాళం వేసిన ఆయన సామాను గదిలోంచి చప్పుళ్ళు మొదలయ్యాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ధడేలుమని ఒకటి. పొద్దు వాలాక ఇంకొకటి. కంచిలి దగ్గర కొబ్బరితోటలో ఉన్న ఆ ఇంటికి పనివాళ్ళు రావడం మానేశారు.

ఆయన భార్య వెంకటలక్ష్మికి ఒక్కడే తమ్ముడు, భానుమూర్తి. టెక్కలి హైస్కూల్లో సైన్సు మాస్టారు. సంగతి తెలిసి, 1968 వేసవి సెలవుల్లో వచ్చాడు.

"మీ బావేరా," అందామె. "రోజుకి రెండుసార్లు పిలుత్తాడు. గడపలో కూకుని ఓ మాట సెప్పి, నా పనికి నేనెల్తాను."

ఆమె ముఖంలో భయం లేదు. అది చూసే భానుమూర్తికి భయం వేసింది.

మధ్యాహ్నం అక్క గడపలో ఉండగా తాళం తీసి లోపలికి వెళ్ళాడు. రేకుల కప్పు కింద గది కుంపటిలా ఉంది. మూలన, నూనె వ్యాపారం నాటి ఖాళీ ఇనుప పీపా ఒక్కటే. చూస్తుండగానే దాని పైభాగం ఉబ్బి ధడేలుమంది. దగ్గరికెళ్ళి బిరడా తిప్పాడు. ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు, బుస్సుమని వేడిగాలి మొహానికి తగిలింది.

"సూసినావా అక్కా? బిరడా బిగించేసి ఉంది. ఎండకి లోపలి గాలి కాగి, పీపాని గట్టిగా నెడతాది. బయటికి దారి లేదు కదా, ఇనుము ఉబ్బి మోగుతాది. సల్లబడితే ఆ నెట్టుడు తగ్గి, ఇనుము లోనికి పోయి మళ్ళా మోగుతాది. బావ కాదే."

ఆమె లోపలికి వచ్చి పీపా మీద చెయ్యి వేసింది.

"ఎందుకు తీసినావురా?" అంది.

ఆ సాయంత్రం చప్పుడు రాలేదు. మర్నాడు మధ్యాహ్నమూ రాలేదు. భానుమూర్తి సంచి సర్దుకుని, చెప్పి వెళదామని అక్క కోసం చూశాడు. ఆమె సామాను గది గడపలో ఉంది. ఏదో అడిగింది. ఆగింది. తల ఊపింది. మళ్ళీ అడిగి, ఈసారి సన్నగా నవ్వింది. గదిలో ఏ సవ్వడీ లేదు. పొద్దున్నించీ ఆమె అక్కడే ఉందని అప్పుడు తెలిసింది. పొయ్యి వెలిగించనేలేదు.

భానుమూర్తి సంచి కింద పెట్టాడు. ఆమె పక్కనుంచి లోపలికి వెళ్ళి, బిరడా గట్టిగా బిగించాడు.

పొద్దు వాలాక పీపా మోగింది.

"ఎల్తాను మరి," అంది వెంకటలక్ష్మి గది వైపు చూసి. లేచి వంటింట్లోకి వెళ్ళింది.